కరోనా మూసివేత ఒక ఫుట్‌బాల్ క్లబ్బును ఎంత దెబ్బతీసిందో లెక్కల్లోంచి తేల్చడం ఎలా?

2020 మార్చి రెండో వారంలో ఇటలీ, స్పెయిన్, ఇంగ్లండ్, జర్మనీ, ఫ్రాన్స్ దేశాల్లో ఫుట్‌బాల్ లీగులు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. ఆ తరువాత రెండేళ్లపాటు క్లబ్బులు ప్రకటించిన ప్రతి నష్టం పక్కన ‘కోవిడ్ కారణంగా’ అన్న మాట చేరింది. డెలాయిట్ అనే ఆడిటింగ్ సంస్థ లెక్క ప్రకారం 2019-20లో ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగైన ప్రీమియర్ లీగ్ క్లబ్బుల ఉమ్మడి ఆదాయం 13 శాతం తగ్గి 450 కోట్ల పౌండ్లకు చేరింది, పన్నుకు ముందు ఉమ్మడి నష్టం సుమారు 97 కోట్ల పౌండ్లు. ఐరోపా క్లబ్బులన్నీ కలిసి రెండు సీజన్లలో దాదాపు 700 కోట్ల యూరోల ఆదాయం కోల్పోయాయని ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా అంచనా వేసింది. ఈ మొత్తాలు దెబ్బ పెద్దదని చెబుతాయే తప్ప, మీకు ఆసక్తి ఉన్న ఫలానా క్లబ్బు ఎంత నష్టపోయిందో, ఆ నష్టంలో మహమ్మారి వాటా ఎంతో చెప్పవు.

ఆ వాటాను ఎవరికి వారు తేల్చుకునే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. కామర్స్ విద్యార్థులకు, క్రీడా విలేఖరులకు, తమ క్లబ్బు ఎందుకు అప్పుల్లో కూరుకుపోయిందని బాధపడే అభిమానులకు ఇది పనికివస్తుందని నా నమ్మకం. ఈ పనికి అకౌంటెన్సీ పట్టా అక్కర్లేదు. కూడికలు, తీసివేతలు, శాతాలు తెలిసి, ఒక నివేదికను ఓపికగా చదవగలిగితే చాలు. మొదటి నుంచి చివరి వరకు గుర్తుంచుకోవలసిన విషయం ఒక్కటే: క్లబ్బు చూపిన నష్టంలో శాశ్వతంగా పోయిన ఆదాయం కొంత, కేవలం మరుసటి ఏడాదికి జరిగిన ఆదాయం కొంత, కరోనా రాకముందు నుంచే ఉన్న బలహీనత కొంత కలిసి ఉంటాయి. ఈ మూడింటినీ విడదీయడమే మన పని.

ఏ పత్రాలు తెచ్చుకోవాలి?

ముందుగా క్లబ్బు వార్షిక నివేదికలు కావాలి. బ్రిటన్‌లో నమోదైన ప్రతి కంపెనీ లెక్కలూ కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ఇంగ్లండ్ క్లబ్బులతో మొదలుపెట్టడం తేలిక. స్టాక్ మార్కెట్లలో నమోదైన మాంచెస్టర్ యునైటెడ్, యువెంటస్, బొరుస్సియా డార్ట్‌మండ్ వంటి క్లబ్బులు మరింత వివరంగా లెక్కలు చూపక తప్పదు. ఫ్రాన్సులో వృత్తి క్లబ్బుల ఆర్థిక వ్యవహారాలను పర్యవేక్షించే డీఎన్‌సీజీ అనే సంస్థ క్లబ్బులవారీగా లెక్కలు ప్రచురిస్తుంది.

ఒక్క ఏడాది నివేదికతో ఏమీ తేలదు. 2018-19, 2019-20, 2020-21, 2021-22 సంవత్సరాల నివేదికలు నాలుగూ పక్కపక్కన పెట్టుకోవాలి. మొదటిది మామూలు రోజుల కొలబద్ద, మధ్యలోని రెండూ మూసివేత కాలం, చివరిది ప్రేక్షకులు తిరిగివచ్చిన ఏడాది. చాలామంది 2019-20తో మొదలుపెట్టి 2020-21తో ఆపేస్తారు. అప్పుడు కొలబద్దా ఉండదు, సరిచూసుకునే వీలూ ఉండదు.

ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణగా మాంచెస్టర్ యునైటెడ్‌ను తీసుకుంటున్నాను. న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలో నమోదైన కంపెనీ కనుక దాని అంకెలు స్పష్టంగా, ఏటా ఒకే పద్ధతిలో దొరుకుతాయి.

ఆదాయాన్ని మూడు పాయలుగా విడదీయండి

వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆదాయం ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. మ్యాచ్ రోజున టికెట్లు, తిండి, ఆతిథ్య గదుల అమ్మకం మొదటిది. టీవీ ప్రసార హక్కుల్లో వాటా, దానితోపాటు ఐరోపా పోటీల నుంచి వచ్చే సొమ్ము రెండోది. స్పాన్సర్లు, జెర్సీల అమ్మకాలు, పర్యటనలు కలిసి మూడోది. మూసివేత ఈ మూడింటినీ ఒకేలా తాకలేదు కాబట్టి మొత్తం ఆదాయాన్ని చూసి ఊరుకోకుండా ఒక్కో పాయను విడిగా నాలుగేళ్ల వరుసలో రాసుకోవాలి.

మాంచెస్టర్ యునైటెడ్ మొత్తం ఆదాయం 2018-19లో 62.71 కోట్ల పౌండ్లు, 2019-20లో 50.9 కోట్లు, 2020-21లో 49.41 కోట్లు. ఈ ఒక్క వరుసే చూస్తే రెండో ఏడాది పరిస్థితి మొదటి ఏడాది కన్నా కాస్త మాత్రమే దిగజారినట్టు అనిపిస్తుంది. పాయలుగా విడదీస్తే చిత్రం పూర్తిగా మారిపోతుంది. మ్యాచ్ రోజు ఆదాయం 11.08 కోట్ల నుంచి 8.98 కోట్లకు తగ్గి, ఆ తరువాత 71 లక్షల పౌండ్లకు పడిపోయింది. ప్రసార ఆదాయం 24.12 కోట్ల నుంచి 14.02 కోట్లకు తగ్గి, మళ్లీ 25.48 కోట్లకు ఎగసింది. వాణిజ్య ఆదాయం మొదటి ఏడాది 27.51 కోట్ల నుంచి 27.9 కోట్లకు కొద్దిగా పెరిగి, రెండో ఏడాది 23.22 కోట్లకు తగ్గింది.

స్టేడియం తలుపులు మూసిన దెబ్బ మ్యాచ్ రోజు వరుసలో నేరుగా కనిపిస్తుంది. యునైటెడ్ సొంత మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 2020-21 సీజన్ దాదాపు అంతా ఖాళీ కుర్చీల మధ్యే సాగింది. 2021 మే నెలలో ఫుల్‌హామ్‌తో ఆడిన చివరి సొంత మైదానపు లీగ్ మ్యాచ్‌కు మాత్రమే పది వేల మందిని అనుమతించారు. ఆడని మ్యాచ్‌ను తరువాత ఆడుకోవచ్చు గానీ, ఖాళీ స్టేడియంలో ఆడేసిన మ్యాచ్‌కు మళ్లీ టికెట్లు అమ్మలేరు. అందువల్ల ఈ వరుసలో కనబడే తగ్గుదలను దాదాపు మొత్తంగా శాశ్వత నష్టం ఖాతాలో రాసుకోవచ్చు.

వాణిజ్య ఆదాయం విషయంలో జాగ్రత్త అవసరం. విదేశీ పర్యటనలు రద్దు కావడం, క్లబ్బు దుకాణం, మ్యూజియం మూతపడటం మహమ్మారి ప్రభావమే. స్పాన్సర్ ఒప్పందం గడువు తీరి తక్కువ ధరకు కొత్తది కుదిరితే మాత్రం కారణం కరోనా కావచ్చు, జట్టు ఆట తగ్గడమూ కావచ్చు. ఒప్పందం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో నివేదికలో చూసుకున్నాకే ఒక నిర్ణయానికి రావాలి.

లెక్కలు ముగిసిన తేదీని తప్పక చూడండి

ఎక్కువమంది పొరపడేది ప్రసార ఆదాయం దగ్గరే, అందుకే ఈ భాగం మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి. ఆగిపోయిన ప్రీమియర్ లీగ్ 2020 జూన్ 17న తిరిగి మొదలై జులై 26న ముగిసింది. మాంచెస్టర్ యునైటెడ్ ఆర్థిక సంవత్సరం మాత్రం ఎప్పటిలాగే జూన్ 30న ముగిసింది. ఆ సీజన్‌లోని ఆరు లీగ్ మ్యాచ్‌లను జట్టు జులైలో ఆడింది కనుక వాటికి సంబంధించిన ప్రసార సొమ్ము తరువాతి ఏడాది లెక్కల్లోకి వెళ్లింది. 2019-20లో కనిపించిన పతనంలో కొంత, 2020-21లో కనిపించిన పెరుగుదలలో కొంత ఇలా క్యాలెండరు వల్ల ఏర్పడినవే. ఆ సొమ్ము ఎక్కడికీ పోలేదు, ఆలస్యంగా వచ్చింది అంతే.

లివర్‌పూల్ సంగతి ఇంకా తేటగా ఉంటుంది. ఆ క్లబ్బు లెక్కలు మే 31న ముగుస్తాయి. లీగ్ ఆగిన నాటి నుంచి మే నెలాఖరు దాకా ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఆ ఏడాది లీగ్ గెలిచిన జట్టే అయినా, పన్నుకు ముందు 4.6 కోట్ల పౌండ్ల నష్టం చూపింది. అంతకుముందు ఏడాది అదే క్లబ్బు 4.2 కోట్ల లాభం చూపింది. గెలుపు సొమ్ములో కొంత భాగం మరుసటి ఏడాది పుస్తకాల్లోకి ఎక్కింది. కాబట్టి మే 31న లెక్కలు ముగించే క్లబ్బును జూన్ 30న ముగించే క్లబ్బుతో ఒక్క ఏడాదికి పోల్చడం ఇద్దరికీ అన్యాయమే.

దీనికి పరిష్కారం తేలికే: 2019-20, 2020-21 రెండేళ్లనూ కలిపి, రెండుతో భాగించి, ఆ సగటును 2018-19తో పోల్చండి. యునైటెడ్ ప్రసార ఆదాయం రెండేళ్ల సగటు 19.75 కోట్ల పౌండ్లు. కొలబద్ద 24.12 కోట్లు. ఏడాదికి సుమారు 4.4 కోట్ల తగ్గుదల కనిపిస్తుంది. ఇదంతా కరోనా వల్లేనా అంటే కాదు. 2018-19లో ఆ జట్టు ఐరోపా క్లబ్బుల అగ్ర పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌లో ఆడింది, 2019-20లో అంతకన్నా చాలా తక్కువ సొమ్ము వచ్చే రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్‌లో ఆడింది. మైదానంలో చేసుకున్న నష్టాన్ని వైరస్ మీద వేయకూడదు. మరోవైపు ప్రీమియర్ లీగ్ ప్రసార సంస్థలకు సుమారు 33 కోట్ల పౌండ్లు తిరిగి ఇవ్వవలసి వచ్చిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ భారంలో ప్రతి క్లబ్బుకూ పడిన వాటా మహమ్మారి ఖాతాలోదే.

ఇలా సగటు తీసే పద్ధతి నా సొంతం కాదు. యుయెఫా తన ఆర్థిక నిబంధనల్లో ఆ రెండు సీజన్లనూ ఒకే కాలంగా లెక్కించింది. ప్రీమియర్ లీగ్ కూడా తన నష్టాల పరిమితిని పరిశీలించేటప్పుడు రెండేళ్ల సగటునే తీసుకుంది.

సీజన్‌ను తిరిగి మొదలుపెట్టని దేశాల క్లబ్బులకు ఈ పద్ధతి అలాగే పనికిరాదు. ఫ్రాన్సులో 2020 ఏప్రిల్ 28న ప్రధానమంత్రి ఎడ్వార్ ఫిలిప్ ప్రకటనతో సీజన్ అక్కడితో ముగిసిపోయింది. ఆడని మ్యాచ్‌ల ప్రసార సొమ్ము మరుసటి ఏడాదికి జరగలేదు, పూర్తిగా పోయింది. ఆ లోటు పూడ్చడానికి ఫ్రెంచి లీగ్ ప్రభుత్వ హామీతో 22.45 కోట్ల యూరోల అప్పు తీసుకుంది. దాని మీద ఇంకో దెబ్బ పడింది. ఏడాదికి 81.4 కోట్ల యూరోలు ఇస్తానని ఒప్పుకున్న మీడియాప్రో సంస్థ 2020 అక్టోబరులో వాయిదా చెల్లించలేదు, డిసెంబరులో ఒప్పందమే రద్దయింది. ఫ్రెంచి క్లబ్బు లెక్క చూసేవారు మూసివేత నష్టాన్ని, మీడియాప్రో నష్టాన్ని వేర్వేరు గడుల్లో రాసుకోవాలి. జర్మనీలో మే 16నే ఆట తిరిగి మొదలుపెట్టడానికి ఇంత తొందర ఎందుకు పడ్డారో దీన్నిబట్టి అర్థమవుతుంది: గేటు వసూలు పోయినా, ఆట పూర్తిచేస్తే టీవీ సొమ్ము నిలుస్తుంది.

జీతాలు: కోత వేరు, వాయిదా వేరు

ఆదాయం పడిపోయినప్పుడు ఖర్చు కూడా పడిపోతే నష్టం తక్కువే ఉండేది. ఫుట్‌బాల్‌లో అలా జరగదు. ఆటగాళ్ల జీతాలు ఏళ్ల తరబడి ఒప్పందాల్లో బిగిసి ఉంటాయి. అందువల్ల తరువాత చూడవలసిన అంకె మొత్తం ఆదాయంలో జీతాల శాతం. యునైటెడ్‌లో ఇది 2018-19లో 53 శాతం, 2019-20లో 56 శాతం, 2020-21లో 65 శాతం. మధ్య ఏడాదిలో జీతాల బిల్లు 33.24 కోట్ల నుంచి 28.4 కోట్ల పౌండ్లకు తగ్గిన మాట నిజమే గాని, దానికి ప్రధాన కారణం చాంపియన్స్ లీగ్‌లో లేకపోవడం వల్ల తగ్గిన చెల్లింపులు. మరుసటి ఏడాది బిల్లు మళ్లీ 32.26 కోట్లకు చేరింది.

జీతాల కోత గురించి పత్రికల్లో వచ్చిన వార్తలను యథాతథంగా లెక్కలో వేసుకోకండి. క్లబ్బు ‘కోత’ అని ప్రకటించినది నిజంగా వదులుకున్న సొమ్మా, తరువాత ఇస్తామని వాయిదా వేసిన సొమ్మా అన్నది తేలాలి. వాయిదా వేసినది బాకీ, అది ఏదో ఒక ఏడాది ఖర్చుగా తిరిగివస్తుంది. యువెంటస్ ఉదంతం ఈ విషయంలో అందరూ చదవదగినది. 2020 మార్చి 28న ఆ క్లబ్బు, ఆటగాళ్లు నాలుగు నెలల జీతం వదులుకుంటున్నారని, దానివల్ల సుమారు 9 కోట్ల యూరోలు మిగులుతుందని ప్రకటించింది. తరువాత జరిగిన దర్యాప్తులో, ఆ నాలుగు నెలల్లో ఎక్కువ భాగం సొమ్మును మరో రూపంలో చెల్లించేలా విడిగా ఒప్పందాలు ఉన్నాయన్న ఆరోపణ బయటకు వచ్చింది. 2022 నవంబరులో పాలకమండలి మొత్తం రాజీనామా చేసింది. జీతాల వ్యవహారంపై ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్యతో జరిగిన కేసు 2023 మే నెలలో సుమారు 7.18 లక్షల యూరోల జరిమానాతో రాజీగా ముగిసింది. 2020 నాటి ప్రకటనను నమ్మి లెక్క వేసినవారి అంకెలన్నీ తప్పాయి.

వాయిదాను గుర్తించడానికి ఆస్తి అప్పుల పట్టీలో ‘ఉద్యోగులకు చెల్లించవలసినవి’, ‘ఇతర చెల్లింపులు’ అన్న వరుసలు చూడాలి. జీతాల ఖర్చు తగ్గిన ఏడాదే ఈ బాకీలు పెరిగి ఉంటే కోత పేరుతో వాయిదా జరిగి ఉండవచ్చని అనుమానించి, వివరణల పేజీల్లోకి వెళ్లాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. టికెట్ కౌంటర్లలో, వంటశాలల్లో, పచ్చిక మైదానం చూసుకునే పనిలో ఉండే వారి జీతాలు క్లబ్బు ఖర్చులో చాలా చిన్న భాగం. ఆటగాళ్ల బిల్లుతో పోలిస్తే అది దాదాపు కనబడనే కనబడదు. అయినా మొదట వేటు పడింది వారిమీదే. పని ఆగిన ఉద్యోగుల జీతంలో 80 శాతాన్ని నెలకు 2,500 పౌండ్ల పరిమితితో బ్రిటన్ ప్రభుత్వం భరించే ఫర్లో పథకంలో తమ మామూలు సిబ్బందిని చేర్చాలని లివర్‌పూల్, టోటెన్‌హామ్ నిర్ణయించి, అభిమానుల నిరసనతో 2020 ఏప్రిల్‌లోనే వెనక్కి తగ్గాయి. ఆర్సెనల్‌లో ఆటగాళ్లు 12.5 శాతం కోతకు ఒప్పుకున్న కొన్ని నెలలకే, ఆగస్టులో, క్లబ్బు 55 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. నివేదికలో సిబ్బంది సంఖ్య ఆటగాళ్లు, ఇతరులు అని విడివిడిగా ఉంటుంది. ఆ రెండు వరుసలనూ నాలుగేళ్లకూ రాసుకోండి. దెబ్బ ఎవరి మీద ఎంత పడిందో లాభనష్టాల పట్టిక కన్నా ఆ చిన్న వరుసే స్పష్టంగా చెబుతుంది.

ఆటగాళ్ల కొనుగోళ్లు, అమ్మకాలు

ఆటగాడిని కొన్నప్పుడు చెల్లించే ధరను క్లబ్బులు ఒకేసారి ఖర్చుగా రాయవు. ఒప్పంద కాలానికి సమానంగా పంచి ఏటా కొంత తరుగుగా రాస్తాయి. అమ్మినప్పుడు మాత్రం వచ్చిన ధరలోంచి మిగిలిన పుస్తక విలువ (ఇంకా తరుగుగా రాయని ధర) తీసేసి, ఆ తేడానంతా అదే ఏడాది లాభంగా చూపుతాయి. మహమ్మారి కాలంలో ఈ నియమం రెండు రకాలుగా పనిచేసింది.

మొదటిది, కొనేవారు లేక అమ్మకాల లాభం ఎండిపోయింది. ఫిఫా లెక్క ప్రకారం దేశాల మధ్య జరిగిన బదిలీల విలువ 2019లో 735 కోట్ల డాలర్లు ఉండగా, 2020లో 563 కోట్లకు తగ్గింది. ఏటా ఒకరిద్దరిని అమ్మి లోటు పూడ్చుకునే క్లబ్బులకు ఇది గేటు వసూలు కన్నా పెద్ద దెబ్బ. క్లబ్బు గత మూడు, నాలుగేళ్లలో అమ్మకాల మీద సగటున ఎంత లాభం చూపిందో చూసి, 2020-21తో పోల్చాలి. ఇది ఆదాయం వరుసలో కనిపించదు కనుక చాలా విశ్లేషణల్లో జారిపోతుంది.

రెండోది, పుస్తకాల్లో లాభం పుట్టించే లావాదేవీలు. 2020 జూన్ చివరిలో, లెక్కలు ముగిసే గడువుకు ముందు, బార్సిలోనా తన ఆటగాడు ఆర్తుర్‌ను యువెంటస్‌కు 7.2 కోట్ల యూరోలకు అమ్మింది, యువెంటస్ తన ఆటగాడు ప్యానిచ్‌ను బార్సిలోనాకు 6 కోట్లకు అమ్మింది. అదనపు షరతులు పక్కన పెడితే అసలు తేడా 1.2 కోట్లే. అయినా రెండు క్లబ్బులూ ఆ ఏడాది పెద్ద లాభం రాసుకోగలిగాయి, తరుగు భారం మాత్రం తరువాతి ఏళ్లకు పోయింది. మీరు చూస్తున్న క్లబ్బు జూన్ నెలాఖరులో ఇలాంటి మార్పిడి చేసి ఉంటే, ఆ లాభాన్ని తీసివేసి మళ్లీ లెక్క వేయండి. అప్పుడే ఆ ఏడాది అసలు నష్టం తెలుస్తుంది.

నగదు, అప్పు, అందిన సాయం

క్లబ్బులు మూతపడేది నష్టం వల్ల కాదు, చేతిలో నగదు లేక. అందుకే లాభనష్టాల పట్టికతో ఆగకుండా నగదు నిల్వ దాకా వెళ్లాలి. యునైటెడ్ నగదు 2019 జూన్ 30న 30.76 కోట్ల పౌండ్లు. సరిగ్గా ఏడాది తరువాత 5.15 కోట్లు. నికర అప్పు (చేతిలోని నగదు తీసేయగా మిగిలే అప్పు) 20.36 కోట్ల నుంచి 47.41 కోట్లకు చేరింది. అదే ఏడాది క్లబ్బు చూపిన నికర నష్టం 2.32 కోట్లు మాత్రమే. సీజన్ టికెట్ల సొమ్ము, స్పాన్సర్ల వాయిదాలు ఆలస్యం కావడం, ఆటగాళ్ల కొనుగోలు బాకీలు ఆగకపోవడం ఆ తేడాలో ఉన్నాయి.

దీనికి తలకిందుల ఉదాహరణ కూడా అదే క్లబ్బులో ఉంది. 2020-21లో 9.22 కోట్ల పౌండ్ల నికర నష్టం అని పత్రికలు రాశాయి. పన్నుకు ముందు నష్టం 2.4 కోట్లే. మిగిలినది పన్ను ఖాతాలో రాసిన ఖర్చు, అందులో అధికభాగం నగదుగా చేయి దాటి పోయినది కాదు. ‘కరోనా వల్ల 9 కోట్ల నష్టం’ అని రాసినవారు పన్నుల సర్దుబాటును వైరస్ ఖాతాలో వేశారు. కాబట్టి పోలికకు ఎప్పుడూ పన్నుకు ముందరి అంకెనే తీసుకోండి.

సాయాన్ని అప్పు, గ్రాంటు అని రెండుగా రాయాలి. టోటెన్‌హామ్ 2020 జూన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కోవిడ్ పథకం కింద 17.5 కోట్ల పౌండ్లు, ఆర్సెనల్ 2021 జనవరిలో 12 కోట్లు తీసుకున్నాయి. అవి తిరిగి కట్టవలసిన అప్పులు. కింది డివిజన్ల కోసం ప్రీమియర్ లీగ్ 2020 డిసెంబరులో ప్రకటించిన సాయంలో మూడు, నాలుగు శ్రేణుల క్లబ్బులకు 5 కోట్ల పౌండ్లు, రెండో శ్రేణి చాంపియన్‌షిప్ క్లబ్బులకు 20 కోట్ల వరకు అప్పు ఏర్పాటు ఉన్నాయి. జర్మనీలో బయర్న్, డార్ట్‌మండ్, లైప్‌జిగ్, లెవర్‌కుసెన్ క్లబ్బులు కలిసి ఇతర క్లబ్బుల కోసం 2 కోట్ల యూరోలు పక్కన పెట్టాయి. ఒక ఏడాది నష్టం తక్కువగా కనిపిస్తే అది నిర్వహణ గొప్పతనమా, అందిన గ్రాంటు ఫలితమా అన్నది చూడకుండా మెచ్చుకోవద్దు.

ముందే ఉన్న బలహీనతను వేరు చేయడం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాం. 2021 ఆగస్టులో బార్సిలోనా అధ్యక్షుడు లపోర్తా తమ క్లబ్బు అప్పులు 135 కోట్ల యూరోలని, జీతాలు ఆదాయంలో 103 శాతమని చెప్పారు. 2020-21 నష్టం 48.1 కోట్ల యూరోలు. ఐరోపాలోనే పెద్ద స్టేడియం, మ్యూజియం, పర్యాటకుల రాక మీద అంతగా ఆధారపడిన క్లబ్బుకు మూసివేత గట్టి దెబ్బే. అయితే కుటిన్యో, డెంబెలే, గ్రీజ్‌మన్ వంటి ఆటగాళ్లను ఒక్కొక్కరికి 10 కోట్ల యూరోలకు పైగా పెట్టి కొనడం, వారి జీతాలు మోయడం 2017 నుంచి 2019 మధ్య జరిగిన సంగతి. మెస్సీతో కొత్త ఒప్పందాన్ని నమోదు చేయలేక అతణ్ని వదులుకోవలసి వచ్చిన స్థితికి వైరస్ తలుపు తీసింది, దారి మాత్రం అంతకుముందే పడింది.

ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఎవర్టన్ మూడేళ్లలో 37.2 కోట్ల పౌండ్ల నష్టం చూపి, అందులో పెద్ద భాగం మహమ్మారిదేనంది. ఆ మూడేళ్లలో మొదటిది 2018-19. అంటే కరోనా ఊసే లేని ఆ ఏడాదిలోనే 11.18 కోట్ల నష్టం ఉంది. 2021-22తో ముగిసిన కాలానికి కోవిడ్ మినహాయింపులు ఇచ్చిన తరువాత కూడా లీగ్ నష్టాల పరిమితిని 1.95 కోట్ల పౌండ్ల మేర దాటిందని తేలి, 2023 నవంబరులో పది పాయింట్లు కోత పడింది. అప్పీలులో అది ఆరుకు తగ్గింది.

ఈ విడదీతకు నేను వాడే సూత్రం చెబుతాను. 2018-19లో క్లబ్బు ఆటగాళ్ల అమ్మకాల లాభం లేకుండా నిలబడగలిగిందా, జీతాలు ఆదాయంలో ఎంత శాతం అన్నవి చూడండి. చాంపియన్‌షిప్ క్లబ్బుల్లో ఆ శాతం 2018-19లోనే సగటున 107 ఉంది. వంద వస్తే నూట ఏడు జీతాలకే పోయే చోట మహమ్మారి కారణమైంది అనడం కన్నా గడువును ముందుకు తెచ్చింది అనడం నిజానికి దగ్గర. ఇంగ్లండ్‌లోని చిన్న క్లబ్బు మాక్లెస్‌ఫీల్డ్ టౌన్‌ను 2020 సెప్టెంబరులో కోర్టు 5 లక్షల పౌండ్లకు పైబడిన బాకీల మీద మూసివేయించింది. ఆ క్లబ్బు ఆటగాళ్లకు జీతాలు ఇవ్వలేకపోవడం 2019లోనే మొదలైంది. 2020 జులై 1న మరో ఇంగ్లండ్ క్లబ్బు విగన్ అథ్లెటిక్ అడ్మినిస్ట్రేషన్‌లోకి (అప్పులు తీర్చలేని కంపెనీని బయటి నిర్వాహకులకు అప్పగించే ఏర్పాటు) వెళ్లి, 12 పాయింట్లు పోగొట్టుకుని, కింది డివిజన్‌కు జారింది. అక్కడ నెల కూడా తిరగని కొత్త యాజమాన్యం నిధులు ఆపేయడం తక్షణ కారణం. దశాబ్దాల నాటి ఊరి క్లబ్బులు ఇలా కూలడం చూసి బాధపడేవారు అసలు కారణాన్ని సరిగ్గా పేరుపెట్టి చెప్పడం ఆ ఊరి అభిమానులకు మనం చేయగల న్యాయం.

మన దగ్గరి క్లబ్బుకు ఈ పద్ధతిని వర్తింపజేయాలంటే కొంత మార్చుకోవాలి. ఇండియన్ సూపర్ లీగ్ 2020-21, 2021-22 సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌పై గెలిచి హైదరాబాద్ ఎఫ్‌సీ చాంపియన్ అయ్యేనాటికి, గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో రెండు సీజన్లుగా ఆ జట్టు ఒక్క లీగ్ మ్యాచ్ ఆడలేదు. 2019లో పుట్టిన క్లబ్బుకు 2018-19 కొలబద్ద దొరకదు. పైగా మన లీగ్ క్లబ్బులు గేటు వసూలు కన్నా యజమానుల పెట్టుబడి, స్పాన్సర్ల మీద ఎక్కువగా నడుస్తాయి. కాబట్టి ఇక్కడ మొదట చూడవలసినది యజమానులు ఏటా ఎంత మూలధనం లేదా అప్పు ఇచ్చారన్న వరుస. కంపెనీల వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి రుసుముతో ఆ పత్రాలు చూడవచ్చు. 2023-24లో ఆ క్లబ్బును చుట్టుముట్టిన జీతాల బకాయిలను కరోనాకు అంటగట్టే ముందు ఆ వరుస చదవడం అవసరం.

2021-22తో సరిచూసుకోవడం

చివరగా, ప్రేక్షకులు తిరిగివచ్చిన ఏడాదితో మీ లెక్కను పరీక్షించండి. మహమ్మారి దెబ్బ అని మీరు రాసుకున్న వరుసలు 2021-22లో కోలుకోవాలి. కోలుకోనివాటికి వేరే కారణం వెతకాలి. యునైటెడ్ మ్యాచ్ రోజు ఆదాయం ఆ ఏడాది 11.05 కోట్ల పౌండ్లు, అంటే 2018-19తో దాదాపు సమానం. మొత్తం ఆదాయం 58.32 కోట్లకు పెరిగింది. అయినా నికర నష్టం 11.55 కోట్లు, మూసివేత ఏళ్లు రెండింటికన్నా ఎక్కువ. జీతాల బిల్లు 38.42 కోట్లకు ఎగబాకింది. అప్పు ప్రధానంగా డాలర్లలో ఉండటంతో పౌండు విలువ తగ్గినప్పుడు ఆ భారమూ పెరిగింది. ఆ ఏడాది స్టేడియం తలుపులు తెరిచే ఉన్నాయి కనుక ఈ రెండు వరుసలనూ మీ కాగితం మీద మహమ్మారి గడిలో కాకుండా మూడో గడిలో, అంటే క్లబ్బు సొంత బలహీనత కింద రాయాలి.